"ఊరికే ఒకసారి వచ్చి చూడు" అన్నప్పుడు

గత నెల ఒక పాఠకురాలికి జవాబిస్తూ, వ్యక్తిత్వ వికాసం పేరుతో వేలకు వేలు కట్టించుకునే సెమినార్ల దగ్గర జాగ్రత్తగా ఉండమని ఒక్క వాక్యం రాశాను. ఆ వాక్యం చదివి చాలామంది ఉత్తరాలు రాశారు, కొందరు కోపంగా, కొందరు ఏడుస్తూ. ఈసారి పేజీ మొత్తం వాళ్లకే ఇస్తున్నాను. ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: అక్కా, మా వారు ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్. రెండు నెలల క్రితం తోటి లెక్చరర్ ఒకాయన పట్టుబట్టి మూడు రోజుల సెమినార్‌కి తీసుకెళ్లారు. పొద్దున తొమ్మిదికి వెళితే రాత్రి పదకొండుకి గానీ వచ్చేవారు కాదు. మూడో రోజు రాత్రి, నాలుగేళ్లుగా మాటల్లేని మా మరిదికి ఫోన్ చేసి ఏడ్చి క్షమించమన్నారు. మా అత్తగారి సంతోషం అంతా ఇంతా కాదు. నేనూ సంతోషించాను. ఆ తర్వాత మొదలైంది. ప్రతి మంగళవారం మీటింగ్, వెళ్లేటప్పుడు ఎవరో ఒకరిని గెస్ట్‌గా వెంటబెట్టుకెళ్లాలి. మా అన్నయ్యలిద్దరికీ, ఇంటి ఓనరుగారికి, పిల్లల స్కూల్ వ్యాన్ డ్రైవర్‌కి కూడా ఫోన్లు చేశారు. ఇప్పుడు తర్వాతి కోర్సుకి 45,000 కావాలట, నా గాజులు బ్యాంకులో పెడదామంటున్నారు. వద్దంటే "అది నువ్వు అంటున్న మాట కాదు, నీ భయం అంటున్న మాట" అంటారు. ఆయన మంచిగా మారిన మాట నిజమే. మరి నాకెందుకింత టెన్షన్? తప్పు నాలోనే ఉందా?
(పేరు వద్దు, గుంటూరు)

జవాబు: అమ్మా, తప్పు మీలో లేదు. అన్నదమ్ములకు మాటలు కలిశాయి, అది నిజమైన సంతోషం, దాన్ని మీరు అనుమానించాల్సిన పని లేదు. మీ టెన్షన్ ఆ రాత్రి గురించి కాదు. ఆ తర్వాత వచ్చిన మంగళవారాల గురించి. ఈ రెండింటినీ మీరు విడదీసి చూడగలిగితే సగం బరువు దిగుతుంది.

ఆ హాల్లో ఏం జరుగుతుందో చెబుతాను. వందమందినో రెండొందల మందినో ఒకచోట కూర్చోబెడతారు. పన్నెండు, పద్నాలుగు గంటలు. మధ్యలో లేవకూడదు, పక్కవాళ్లతో మాట్లాడకూడదు, ఆలస్యంగా వస్తే అందరి ముందూ నిలబెట్టి అడుగుతారు. ఒక్కొక్కరు మైక్ పట్టుకుని ఎవరికీ చెప్పుకోని సంగతులు చెబుతారు, ఏడుస్తారు, హాలంతా చప్పట్లు కొడుతుంది. నిద్ర తక్కువ, ఇంటికి వెళ్లాక కూడా హోంవర్క్. ఆ అలసటలో, ఆ చప్పట్ల మధ్య, ఎవరికైనా గుండె కరుగుతుంది. పెళ్లి అప్పగింతలప్పుడు సంబంధం లేనివాళ్లకు కూడా కళ్లు తడుస్తాయి కదా, అలాగే. కరగడంలో తప్పులేదు. కరిగిన ఆ గంటలోనే ఫోన్ చేతికిచ్చి "మీకు ఇష్టమైనవాళ్లను పిలవండి" అంటారు చూడండి, నా అభ్యంతరమంతా అక్కడే.

ఇది ఇవాళ్టి పద్ధతి కాదు. 1971 అక్టోబరులో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక హోటల్లో వెర్నర్ ఎర్హార్డ్ అనే ఆయన 'ఎస్ట్' పేరుతో శిక్షణ మొదలుపెట్టాడు. రెండు శనాదివారాలు, మొత్తం 60 గంటలకు దగ్గరగా, బాత్రూమ్‌కి ఎప్పుడు వెళ్లాలో కూడా వాళ్లే చెప్పేవారు. ఆయన అంతకుముందు కార్లు అమ్మాడు, ఇంటింటికీ ఎన్‌సైక్లోపీడియాలు అమ్మించాడు. తర్వాత 'మైండ్ డైనమిక్స్' అనే సంస్థలో పాఠాలు చెప్పాడు. ఆ సంస్థను కొనుక్కున్నది విలియం పెన్ పాట్రిక్. ఆయనకు 'హాలిడే మ్యాజిక్' అని సౌందర్య సాధనాల కంపెనీ ఉండేది, మనిషి కింద మనిషిని చేర్చుకుంటూ పోయే గొలుసుకట్టు వ్యాపారం. అంటే మనసును బాగుచేస్తామనే క్లాసు, మనుషుల్ని చేర్పించే వ్యాపారం, ఈ రెండూ మొదట్లోనే ఒక ఇంట్లో ఉన్నాయి. 1984లో ఎస్ట్ ఆగిపోయి 'ఫోరమ్' వచ్చింది, 1991లో ఎర్హార్డ్ ఆ వ్యాపారాన్ని అక్కడి ఉద్యోగులకే అమ్మేశాడు, అదే తర్వాత ల్యాండ్‌మార్క్. పేర్లు మారాయి, మర్యాదలు కొంచెం పెరిగాయి, కానీ "మీవాళ్లను తీసుకురండి" అన్నది మాత్రం పోలేదు. ఇప్పుడు మన ఊళ్లలో హోటళ్లలో, ఫంక్షన్ హాళ్లలో జరుగుతున్న చిన్నా పెద్దా సెమినార్లలో చాలావాటికి ఈ అచ్చే ఆధారం.

పని చేస్తుందా అని అడుగుతారు. 1980ల్లో కనెటికట్ విశ్వవిద్యాలయం మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ ఫోరమ్ మీద, నిర్వాహకులు కోరితేనే, పరిశీలన చేశారు. వెళ్లినవాళ్లను, వాళ్లలాంటివాళ్లే అయ్యుండి వెళ్లనివాళ్లను పక్కపక్కన పెట్టి చూశారు. "నా జీవితం నా చేతుల్లో ఉంది" అనే భావం మొదట్లో కాస్త పెరిగింది, ఏడాదిన్నర తర్వాత అదీ నిలవలేదు. చెడూ పెద్దగా కనిపించలేదు, మంచీ పెద్దగా కనిపించలేదు. మరి వెళ్లొచ్చినవాళ్లంతా జీవితం మారిపోయిందని అంత గట్టిగా ఎందుకంటారు? 1959లో ఆరన్సన్, మిల్స్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. కాలేజీ అమ్మాయిల్లో కొందరితో, ఒక చర్చా బృందంలో చేరాలంటే సిగ్గుతో చచ్చిపోయే మాటలు పైకి చదివించారు, కొందరిని తేలిగ్గా చేర్చుకున్నారు. తర్వాత అందరికీ వినిపించింది ఒకే చప్పిడి చర్చ. ఎక్కువ అవమానం పడినవాళ్లే ఆ చర్చ చాలా బాగుందన్నారు. డబ్బు పోసి, మూడు రోజులు కూర్చుని, వందమంది ముందు ఏడ్చిన మనిషి "అందులో ఏమీ లేదు" అని తనకు తాను చెప్పుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. మీ వారు మీతో అబద్ధం చెప్పడం లేదు, నమ్మే చెబుతున్నారు.

"అది నీ భయం అంటున్న మాట" అనేది కూడా ఆయన సొంత మాట కాదమ్మా, నేర్పించిన మాట. ఒప్పుకుంటే కోర్సు గొప్పది, ఒప్పుకోకపోతే మీలో లోపం ఉంది కాబట్టి కోర్సు మీకూ కావాలి. ఏ మాట అన్నా మీదే తప్పయ్యే చోట వాదనకు దిగకండి.

నా సంగతి ఒకటి చెబుతాను. పదిహేనేళ్ల కింద మా పిన్ని కూతురు "ఊరికే వచ్చి చూడక్కా" అని లక్డీకాపూల్‌లో ఒక హోటల్‌కి తీసుకెళ్లింది. గెస్టులను వేరే గదిలోకి తీసుకెళ్లారు. నాకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు, ముందు ఫారం. రాత్రి పదిన్నర దాటింది. ఇంట్లో అడిగి చెబుతానంటే "మీ నిర్ణయాలు ఎప్పుడూ వేరేవాళ్లే తీసుకుంటారా?" అని ఆ అమ్మాయి నా కళ్లలోకి చూస్తూ అడిగింది. గుమ్మం దగ్గర మా చెల్లి ఆశగా నిలబడి ఉంది. దాని మొహం చూసి రెండు వేలు అడ్వాన్సు కట్టాను. ఆ ఫారం మీద సంతకం పెట్టించింది నా మొహమాటం. నేను ఆ క్లాసుకి వెళ్లలేదు, డబ్బు తిరిగి రాలేదు, అది పోతే పోయింది. కానీ మా చెల్లి, నేనూ రెండేళ్లు సరిగ్గా మాట్లాడుకోలేదు. పిలిచినందుకు దానికి సిగ్గు, రానందుకు నాకు సిగ్గు. చిన్నప్పటి నుంచి ఒకే కంచంలో తిన్నవాళ్లం. ఆ రెండేళ్లు నాకు ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

అందుకే అంటున్నాను, ఈ సెమినార్లు మన మొహమాటం మీద బతుకుతున్నాయి. పేపర్లో ప్రకటన చూసి 45,000 కట్టేవాళ్లు ఎంతమంది? బావగారు ఫోన్ చేశారు కాబట్టి, పాఠం చెప్పిన మాస్టారు పిలిచారు కాబట్టి వెళతారు. మీ స్కూల్ వ్యాన్ డ్రైవర్ "వద్దు సార్" అనగలడా చెప్పండి?

ఇక చేయాల్సింది. ముందు ఆయనతో మరిది గురించి మాట్లాడండి, "మీరు ఆ ఫోన్ చేసినందుకు నాకు చాలా సంతోషం" అని మనస్ఫూర్తిగా అనండి. సెమినార్‌ను తిట్టకండి, తిడితే ఆయన దాన్ని వెనకేసుకురావడానికే ఇంకా దగ్గరవుతారు. గాజుల విషయంలో మాత్రం మెత్తబడవద్దు. "మూడు నెలలు ఆగుదాం, ఈ మార్పు నిలిస్తే అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం" అనండి. నిజంగా మంచి కోర్సు అయితే మూడు నెలల తర్వాత కూడా ఉంటుంది. "ఈ రాత్రే కడితే తగ్గింపు" అంటే, ఆ తొందర మీ కోసం కాదు. మీ అన్నయ్యలకు మీరే విడిగా ఫోన్ చేసి, రాలేమని సూటిగా చెప్పినా ఇంట్లో ఎవరూ ఏమీ అనుకోరని చెప్పండి. వాళ్లు ఆ మాట కోసమే చూస్తుంటారు. గెస్ట్‌గా ఒకసారి రమ్మని మిమ్మల్ని బతిమాలితే, వెళ్లాలనిపిస్తే వెళ్లండి, ఫోన్‌లో యూపీఐ లేకుండా, తిరుగు ప్రయాణానికి ఆటో డబ్బులు మాత్రం పట్టుకుని.

ఒక్కటి జాగ్రత్తగా గమనించండి. ఆయన రాత్రుళ్లు రెండు మూడు గంటలే పడుకుంటూ, ఆపకుండా మాట్లాడుతూ, ఎడాపెడా ఖర్చు పెడుతూ, ఉద్యోగం మానేస్తానంటూ ఉంటే అది ఉత్సాహం కాకపోవచ్చు. వెంటనే సైకియాట్రిస్ట్‌కి చూపించండి. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

ప్రశ్న: అక్కా, నేను బీటెక్ సెకండియర్. మాది వరంగల్ దగ్గర పల్లెటూరు, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటున్నాను. మా సీనియర్ అన్న "కమ్యూనికేషన్ స్కిల్స్ క్లాస్ ఉంది, ఫార్మల్స్ వేసుకుని రా" అన్నాడు. అక్కడ టైలు కట్టుకున్నవాళ్లు స్టేజీ మీద కార్లు, ఫారిన్ ట్రిప్పుల ఫోటోలు చూపించారు. నాన్న ఫీజుకి పంపిన డబ్బులో 15,000 కట్టాను. ఏవో ఆన్‌లైన్ కోర్సులు ఇచ్చారు. ఇప్పుడు తెలిసినవాళ్లు వందమంది పేర్లు రాసివ్వమన్నారు. ఇంట్లో చెప్పొద్దు, వాళ్లు నీ కలలు దొంగిలిస్తారు అంటున్నారు. ఇప్పటికే మా రూమ్మేట్లు ఇద్దరిని చేర్పించాను. రాత్రి నిద్ర పట్టడం లేదు.
(పేరు వద్దు, హైదరాబాద్)

జవాబు: తమ్ముడూ, ఈ పేజీ పక్కన పెట్టి ముందు నాన్నకి ఫోన్ చెయ్యి. తిడతారు, ఒక రోజు, రెండు రోజులు తిడతారు. ఇంట్లో చెప్పొద్దు అన్న ఏ పనైనా అక్కడే ఆపెయ్యాలని ఇకనుంచి గుర్తుపెట్టుకో. కన్నవాళ్లను కలలు దొంగిలించేవాళ్లు అనమని నేర్పించినవాళ్లు నీకు ఏ స్కిల్సూ నేర్పించరు.

నువ్వు ఇరుక్కున్నది మన దగ్గర కొత్తది కాదు. 2019లో సైబరాబాద్ పోలీసులు ఈబిజ్ అనే కంపెనీ అధిపతిని అరెస్టు చేశారు. అది కూడా ఇలాగే కంప్యూటర్ కోర్సుల ప్యాకేజీ అంటూ ఎక్కువగా విద్యార్థుల్నే చేర్చుకుంది. ఇంకా వెనక్కి వెళితే, 2007లో ఆమ్వే కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, మనుషుల్ని చేర్చినందుకు డబ్బు వచ్చే ఆ పథకం మనీ సర్క్యులేషన్ కిందికే వస్తుందని తీర్పు చెప్పింది. 1978లో వచ్చిన ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం ఒకటుంది. కొత్తవాళ్లు చేరితే నీకు డబ్బొస్తుంది అనే పథకం నడపడమే కాదు, అందులో చేరడం, పాల్గొనడం కూడా ఆ చట్టం ప్రకారం నేరమే, మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. నిన్ను భయపెట్టడానికి రాయడం లేదు. ఇంకొక్కరిని కూడా చేర్పించవద్దని చెప్పడానికి రాస్తున్నాను. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు కూడా పిరమిడ్ పద్ధతిని పూర్తిగా నిషేధించాయి, కాబట్టి "మాది గవర్నమెంట్ అప్రూవ్డ్" అంటే నమ్మకు.

ఆ వంద పేర్ల లిస్టు సంగతి. అది రాయమన్నప్పుడు నీకేం అనిపించింది? మీ మేనమామ పేరు, పదో తరగతి ఫ్రెండ్ పేరు, ఊళ్లో కిరాణా కొట్టాయన పేరు వరుసగా రాసి, ఎవరి దగ్గర డబ్బుంది, ఎవరు నీ మాట కాదనరు అని పక్కన గుర్తులు పెట్టమని ఉంటారు. ఇరవై ఏళ్లలో నువ్వు సంపాదించుకున్నది ఆ వందమందినే. దాన్ని ఒక్క సాయంత్రంలో రాసివ్వమంటున్నారు. ఇచ్చి ఉంటే వాళ్లకి నువ్వే ముందుగా ఫోన్ చేసి "నా పేరు చెప్పి ఎవరైనా పిలిస్తే వెళ్లొద్దు" అను.

రూమ్మేట్లిద్దరికీ ఈ రాత్రే నిజం చెప్పు. నేను మోసపోయాను, మిమ్మల్నీ లాగాను, డబ్బు వెనక్కి అడగడానికి ముగ్గురం కలిసి వెళదాం అను. కట్టిన రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు, స్టేజీ మీద చెప్పిన సంపాదన లెక్కలు ఉంటే స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకో. తిరిగి ఇమ్మని రాతపూర్వకంగా అడుగు. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆపైన పోలీస్ స్టేషన్, నాన్నని వెంటబెట్టుకునే వెళ్లు. మీ సీనియర్ మీద కక్ష పెట్టుకోకు. అతనూ ఎవరి డబ్బుతోనో కట్టి, దాన్ని రాబట్టుకోవడానికి తిరుగుతున్నవాడే అయ్యుంటాడు.

ప్రశ్న: మేడమ్, మీరు రాసింది చదివి బాధపడ్డాను. నేను ఇలాంటి కోర్సులు మూడు చేశాను. పదేళ్ల తాగుడు మానేశాను. నా భార్యాపిల్లలు ఇవాళ నాతో ఉన్నారంటే దానివల్లే. తెలియని విషయాలు రాసి మనుషుల్ని మంచికి దూరం చేయకండి.
(ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: అన్నయ్యగారూ, మీరు తాగుడు మానేసినందుకు మీ ఇంటివాళ్లతో పాటు నాకూ సంతోషంగా ఉంది. దాన్ని తక్కువ చేయను. కానీ మానేసింది మీరు. హాల్లో ఉన్నది కొద్ది రోజులే, ఆ తర్వాత ప్రతి సాయంత్రం వైన్‌షాపు ముందు నుంచి ఆగకుండా నడిచి ఇంటికెళ్లిన కాళ్లు మీవి. ఆ గొప్పతనం అంతా ఒక కంపెనీకి రాసివ్వకండి.

నేను రాసేది మీ పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ల కోసం. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు రెండొందల మందికి పైగా ఇలాంటి గ్రూపుల్లో పాల్గొంటే ఏమైందో లీబర్‌మన్, యాలమ్, మైల్స్ అనే ముగ్గురు పరిశీలించి 1973లో పుస్తకంగా ప్రచురించారు. 16 మంది మానసికంగా గట్టిగా దెబ్బతిన్నారని తేల్చారు. ఎక్కువ దెబ్బలు తగిలింది, నాయకుడు మాటకారిగా ఉండి, మనిషి గోడల్ని బద్దలుకొట్టే రకం గ్రూపుల్లో. నన్ను కదిలించిన విషయం ఇంకొకటి. ఎవరు దెబ్బతిన్నారో చెప్పమంటే నాయకులు సరిగ్గా చెప్పలేకపోయారు. పక్కన కూర్చున్న తోటివాళ్లు వాళ్లకంటే బాగా గుర్తుపట్టారు. స్టేజీ మీది మనిషికి చప్పట్లు వినిపిస్తాయి, ఐదో వరుసలో వణుకుతున్న మనిషి కనిపించడు. మీరు ఇంకోసారి వెళితే, వాలంటీర్‌గా అయినా సరే, ఆ ఐదో వరుసను చూడండి.

వాలంటీర్ మాట వచ్చింది కాబట్టి. సెలవు రోజుల్లో కుర్చీలు సర్దడం, ఫోన్లు చేయడం, బ్యాడ్జీలు పంచడం, ఇవన్నీ సేవ పేరుతో చేయిస్తారు. సేవ చేయాలనుకుంటే అనాథాశ్రమం ఉంది, గుడి ఉంది. ఫీజు తీసుకునే వ్యాపారానికి ఉచితంగా పని చేయడాన్ని ఏమంటారో ఫ్రాన్స్‌లో కార్మిక శాఖ తనిఖీ అధికారులు 2004లో చెప్పారు. ల్యాండ్‌మార్క్ వాలంటీర్లు చేస్తున్నది ఉద్యోగమే, ఉద్యోగులుగానే చూడాలన్నారు. అంతకుముందే ఒక టీవీ కార్యక్రమం రహస్య కెమెరాతో ఆ తరగతులను చూపించింది. ఆ ఏడాదే ఆ సంస్థ ఫ్రాన్స్‌లో మూతపడింది.

మీరు బాగుపడ్డారు, అది మీ ఇంట్లో చాలు. మీ తమ్ముడికి కూడా ఇదే మందు పని చేస్తుందని, వాడి చేత అప్పు చేయించి మరీ కట్టించవద్దు. మీకు కోపం తెప్పించినా ఈ మాట మార్చుకోలేను.

ప్రశ్న: మేడమ్, మా కంపెనీ వాళ్లు సేల్స్ టీమ్ అందరినీ రిసార్ట్‌కి తీసుకెళ్లి లీడర్‌షిప్ ట్రైనింగ్‌లో నిప్పుల మీద నడిపిస్తారట. నడిచినవాళ్లకు భయం పోయి టార్గెట్లు వస్తాయంటున్నారు. నాకు షుగర్ ఉంది. వద్దంటే ఉద్యోగానికి ఇబ్బందా?
(ఒక సేల్స్ ఉద్యోగి, కర్నూలు)

జవాబు: వెళ్లండి, నడవకండి. నిప్పుల గుండం మనకు తెలియంది కాదు. వీరభద్రుడి ఉత్సవాల్లో, పీర్ల పండుగలో మన ఊళ్లలో తరతరాలుగా నడుస్తున్నారు, ఉపవాసం ఉండి, మొక్కు ఉన్నవాళ్లు, తమ ఇష్టంతో. ఎవరి టార్గెట్ కోసమూ నడవరు. బూడిద పట్టిన కణికలు పాదానికి వేడిని నెమ్మదిగా అందిస్తాయి, అడుగు సెకను కూడా ఆగదు, అందుకే చాలామందికి కాలదు. మనోబలం ఎంత ఉన్నా ఆగితే కాలుతుంది. 2016 జూన్‌లో అమెరికాలోని డల్లాస్‌లో టోనీ రాబిన్స్ అనే మోటివేషనల్ స్పీకర్ సెమినార్‌లో 30 మందికి పైగా కాళ్లు కాల్చుకున్నారు. ఇంతకంటే ఘోరం 2009లో ఆరిజోనాలో జరిగింది. జేమ్స్ రే అనే మోటివేషనల్ స్పీకర్, మనిషికి పది వేల డాలర్లకు దగ్గరగా వసూలు చేసి, ఉడుకు రాళ్లతో వేడెక్కించిన గుడారంలో యాభై మందికి పైగా మనుషుల్ని కూర్చోబెట్టాడు. తట్టుకోలేకపోతున్నా బయటికి వెళ్లడం బలహీనత అన్నట్టు మాట్లాడాడు. ముగ్గురు చనిపోయారు. 2011లో కోర్టు అతనికి రెండేళ్ల జైలు వేసింది.

మీకు షుగర్ కాబట్టి ఇంకో మాట. చాలా ఏళ్లు షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, కాలినా తెలియదు, పుండు పడితే తొందరగా మానదు, వేళ్లు తీసేయాల్సి రావచ్చు. మీ డాక్టర్‌తో "వేడి వస్తువుల మీద నడవకూడదు" అని చీటీ రాయించుకుని, ట్రైనింగ్‌కి వారం ముందే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టండి. మాటతో సరిపెట్టకండి, మెయిలే పెట్టండి. ఆ రోజు ఎవరైనా అందరి ముందూ మైక్‌లో పిలిస్తే, ఆ మెయిల్ సంగతి చెప్పి చెప్పులు విప్పకుండా కూర్చోండి. వచ్చాక ఏమైందో నాకు రాయండి.